విదేశాలకు పోయేటప్పుడు ఫోన్ బిల్లు పేలకుండా: ఇంటి దగ్గర నుంచి అక్కడ దిగేదాకా ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

కడపలో మా వీధిలో నాలుగిళ్లకు ఒకరైనా కువైట్‌లో ఉంటారు. ఈ మధ్య అమెరికాకు, సింగపూర్‌కు పిల్లల దగ్గరికి పోయే అమ్మానాయనలు కూడా ఎక్కువయ్యారు. అందరూ బయల్దేరే ముందు రోజు రాత్రే ఫోన్ చేసి "రోమింగ్ వేయించుకోవాల్నా వద్దా, ఆ ఒక్కటి చెప్పు" అంటారు. రోమింగ్ అంటే మన సిమ్‌నే అక్కడి కంపెనీ నెట్‌వర్క్ మీద వాడుకోవడం. ఆ ఒక్కటి చెప్తే సరిపోదు కాబట్టి ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ప్యాక్‌ల ధరలు రాయడం లేదు. అవి ఎప్పుడు మారతాయో తెలీదు, మీరు పోయే రోజు మీ కంపెనీ యాప్‌లో ఎంత చూపిస్తే అదే లెక్క.

ముందుగా ఒక మాట. నేను చూసినంతలో బిల్లు పెరిగేది మనం మాట్లాడినందుకు తక్కువ, జేబులో ఉన్న ఫోన్ తనంతట తాను చేసుకునే పనులకు ఎక్కువ. అందుకే ఈ పనిలో ముక్కాలు భాగం ఇంట్లో వైఫై ఉండగానే అయిపోవాలి. రాజంపేట, కోడూరు మీదుగా రాత్రంతా బస్సులో పోయి, చెన్నై ఎయిర్‌పోర్టులో బోర్డింగ్‌కు పిలుస్తుంటే నిద్రకళ్లతో సెట్టింగులు వెతుక్కోవడం ఎవరి వల్లా కాదు.

1. మీరు ఏ రకం ప్రయాణికులో తేల్చుకోండి

వారం లోపు ట్రిప్ అయితే ఇండియా సిమ్ మీదే రోమింగ్ ప్యాక్ వేయించుకోండి. కాస్త ఖరీదే, కానీ అక్కడ సిమ్ కోసం క్యూలో నిలబడే పని ఉండదు.

పది రోజులు దాటితే అక్కడి సిమ్ గానీ ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే దిగే సిమ్) గానీ తీసుకోవడం చాలాసార్లు చవక. ఇండియా సిమ్‌ను తీసేయొద్దు, డేటా మూసేసి ఓటీపీల కోసం అట్లాగే ఫోన్‌లో ఉంచండి. నేను అందరికీ చెప్పేది ఈ పద్ధతే.

ఉద్యోగానికి పోతుంటే అక్కడి సిమ్ ఎట్లాగూ తప్పదు. మీ అసలు సమస్య ఇండియా నంబరును ఏళ్ల తరబడి బతికించుకోవడం. అది 8వ భాగంలో ఉంది, దాన్ని మాత్రం వదిలేయొద్దు.

2. డబ్బులు ఏ దారిలో పోతాయి

అన్నిటికన్నా పెద్ద చిల్లు డేటా. ప్యాక్ లేకుండానో, ప్యాక్ అయిపోయాకనో వాడితే ఎంబీల లెక్కన కోస్తారు. ఎంబీకి 5 రూపాయలు అనుకుందాం, వినడానికి చిన్నదే కదా. ఒక జీబీ అంటే 1024 ఎంబీ, అంటే 5,120 రూపాయలు. పెళ్లి గ్రూపులో ఎవరో పెట్టిన 40 ఎంబీ వీడియో ఒక్కటి దిగితే 200 రూపాయలు, మీరు దాన్ని తెరిచి చూడకపోయినా సరే.

రెండోది వచ్చే కాల్. ఇక్కడ మనకు ఇన్‌కమింగ్ ఫ్రీ కాబట్టి అక్కడా ఫ్రీయే అనుకుంటారు. రోమింగ్‌లో ఎత్తిన ప్రతి కాల్‌కూ నిమిషాల లెక్కన పడుతుంది. లోన్ కావాలా అని వచ్చిన కాల్‌కు కూడా మీరే కట్టాలి.

మూడోది కాల్ ఫార్వర్డింగ్. మీరు ఎత్తకపోతే ఇంకో నంబరుకు పోయేట్టు ఎప్పుడో పెట్టి మర్చిపోయి ఉంటారు. విదేశంలో మోగిన కాల్ తిరిగి ఇండియాకు పోతే రెండు వైపులా చార్జీ పడే అవకాశం ఉంది.

నాలుగోది మీకు తెలియకుండా పోయే ఎస్సెమ్మెస్‌లు. వచ్చే ఎస్సెమ్మెస్‌లకు సాధారణంగా డబ్బులు ఉండవు, పంపేవాటికి ఉంటాయి. యూపీఐ యాప్ సిమ్‌ను సరిచూసుకోవడానికి పంపే మెసేజ్ అట్లాంటిదే. ఐఫోన్‌లో కొత్త సిమ్ వేయగానే ఐమెసేజ్ చడీచప్పుడు లేకుండా పంపే మెసేజ్ కూడా అంతే.

ఇంకొకటి విమానంలో, ఓడలో ఉండే నెట్‌వర్క్. ఏరోప్లేన్ మోడ్ పెట్టకపోతే ఫోన్ ఏరోమొబైల్ లాంటి విమానం నెట్‌వర్క్‌కు తగులుకుంటుంది. దాని రేటు వేరు, మామూలు దేశాల ప్యాక్ అక్కడ పని చేయదు.

3. బయల్దేరే వారం ముందు, ఇంట్లో

ఇదే అసలు పని. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది.

ముందు ఫోన్ సంగతి. కంపెనీ లాక్ ఉన్న ఫోన్ అయితే వేరే సిమ్ తీసుకోదు. మన దగ్గర కొన్నవి మామూలుగా లాక్ లేకుండానే వస్తాయి, కానీ అమెరికా నుంచి బంధువులు తెచ్చిచ్చిన పాత ఐఫోన్లతో ఈ తంటా ఎక్కువ. పరీక్ష సులువే, ఇంట్లో ఇంకొకరి వేరే కంపెనీ సిమ్ వేసి చూడండి. ఈ-సిమ్ పడుతుందో లేదో తెలియాలంటే *#06# కొట్టండి, ఐఎంఈఐ నంబర్లతో పాటు ఈఐడీ అని పొడుగాటి నంబరు కనబడితే పడుతుంది.

తర్వాత కాంటాక్టులు. అన్ని నంబర్ల ముందు +91 ఉండాలి. సున్నాను కాసేపు నొక్కి పట్టుకుంటే ప్లస్ వస్తుంది. ల్యాండ్‌లైన్‌కు ఊరి కోడ్‌లో ముందున్న సున్నా తీసేయాలి, అంటే కడప 08562 కాస్తా +91 8562 అవుతుంది. ఇట్లా సేవ్ చేసుకుంటే ఇక్కడున్నా అక్కడున్నా కాల్ పోతుంది.

ఇప్పుడు ఫోన్ నోరు కట్టేయాలి. ఈ వరుసలో పోండి:

☐ సిమ్ సెట్టింగ్స్‌లో ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ ఆఫ్
☐ రెండు సిమ్‌ల ఫోన్ అయితే, ఒక సిమ్‌లో సిగ్నల్ తగ్గితే రెండో సిమ్ డేటాకు మారే ఆటో స్విచ్ ఆఫ్ (ఐఫోన్‌లో సెల్యులార్ డేటా స్విచింగ్)
☐ వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాలోకి పోయి, మొబైల్ డేటాకూ రోమింగ్‌కూ మీడియా ఆటో డౌన్‌లోడ్ టిక్కులు తీసేయడం
☐ వాట్సాప్, ఫోటోల బ్యాకప్ వైఫైలో మాత్రమే
☐ యాప్ అప్‌డేట్లు వైఫైలో మాత్రమే
☐ ఫేస్‌బుక్, ఇన్‌స్టా, యూట్యూబ్‌లలో వీడియోలు వాటంతటవే ఆడటం ఆఫ్
☐ కాల్ ఫార్వర్డింగ్ అన్నీ తీసేయడం, ఫోన్ సెట్టింగ్స్‌లో గానీ ##002# కొట్టి గానీ

రెండో టిక్కు చాలామందికి తెలియదు. అక్కడి సిమ్ కొన్నాం, ఇంక భయమేముంది అనుకుంటారు. లిఫ్టులోకి పోయేసరికి ఆ సిగ్నల్ పడిపోతుంది, ఫోన్ తెలివి చూపించి ఇండియా సిమ్ డేటాకు మారుతుంది. డేటా రోమింగ్ కూడా ఆఫ్‌లో ఉంటే రెండు తాళాలు వేసినట్టు.

వైఫై ఉండగానే దించుకోవాల్సినవి కూడా ఉన్నాయి. గూగుల్ మ్యాప్స్‌లో మీరు దిగే ఊరిని ఆఫ్‌లైన్‌కు సేవ్ చేసుకోండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు, ఇంగ్లీషు, అక్కడి భాష దించుకోండి. టికెట్, వీసా, హోటల్ అడ్రసు ఫోన్ గ్యాలరీలో ఫోటోలుగా ఉండాలి, కాగితం మీద ఒక కాపీ కూడా ఉంటే ఇంకా మంచిది. ఇమిగ్రేషన్ దగ్గర అడ్రసు చూపించడానికి మెయిల్ తెరుద్దామని డేటా ఆన్ చేసేవాళ్లు బోలెడు మంది.

4. రోమింగ్ ప్యాక్ కొనేటప్పుడు అడగాల్సినవి

ఏడురోడ్ల దగ్గర షాపులో "కువైట్ ప్యాక్ వేయండి" అని డబ్బులు ఇచ్చేసి రాకండి. మీ కంపెనీ యాప్‌లో చూసుకోండి, లేదా కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఇవి అడగండి:

☐ ఈ ప్యాక్ ఏయే దేశాల్లో పని చేస్తుంది? మధ్యలో విమానం మారే దేశం కూడా ఉందా?
☐ ఆ దేశంలో ఏ నెట్‌వర్క్ మీద చెల్లుతుంది?
☐ రోజుల లెక్క కొన్నప్పటి నుంచా, అక్కడ దిగాక మొదట వాడినప్పటి నుంచా?
☐ ఒక రోజంటే 24 గంటలా, అర్ధరాత్రికి మారే తేదీనా? ఎవరి అర్ధరాత్రి, మనదా వాళ్లదా?
☐ వచ్చే కాల్స్ ప్యాక్‌లో ఉన్నాయా, ఎన్ని నిమిషాలు?
☐ ప్యాక్ డేటా అయిపోతే ఆగిపోతుందా, మామూలు రేటుకు కోస్తూ పోతుందా?
☐ మామూలు ప్లాన్ గడువు ట్రిప్ అయ్యేదాకా ఉండాలా?

చివరి దానికి చాలా ప్యాక్‌లలో ఉండాలనే జవాబు వస్తుంది. ప్లాన్ మధ్యలో ముగిస్తే రోమింగ్ ప్యాక్ ఉండీ పనికిరాదు. పోయే ముందే లెక్క చూసుకుని రీఛార్జ్ చేయించుకోండి.

మధ్యలో దిగే దేశం గురించి ఎందుకు అడగమన్నానంటే నాకే దెబ్బ తగిలింది కాబట్టి. అబుదాబిలో మూడు గంటలు ఆగాల్సి వచ్చి, ఖాళీగా కూర్చోలేక ఏరోప్లేన్ మోడ్ తీశాను. పోస్ట్‌పెయిడ్ నంబరు, డేటా రోమింగ్ ఆన్‌లో ఉంది, నేను వేయించుకున్న ప్యాక్ మాత్రం నేను దిగబోయే దేశానికే. మా పెద్దమ్మ మనవడి పెళ్లి గ్రూపులో రాత్రి పెట్టిన వీడియోలన్నీ వరుసగా దిగిపోయాయి. ఒక్క కాల్ చేయలేదు, ఒక్క మెసేజ్ పెట్టలేదు, ఇంటికొచ్చాక బిల్లు చూస్తే ఆ మూడు గంటలకు పడింది మొత్తం ట్రిప్ ప్యాక్ కన్నా ఎక్కువ. మధ్యలో ఆగే ఎయిర్‌పోర్టులో ఏరోప్లేన్ మోడ్ అట్లాగే ఉంచి, వైఫై ఒక్కటి ఆన్ చేసుకోండి, చాలు.

వైఫై కాలింగ్ గురించీ అడుగుతుంటారు. హోటల్ వైఫై మీద మామూలు కాల్ పోయినంత మాత్రాన అది ఫ్రీ అనుకోవద్దు, కంపెనీని బట్టి రూల్ మారుతుంది. వాట్సాప్ కాల్ అయితే వైఫై మీద చార్జీ ఉండదు.

5. ఈ-సిమ్ తీసుకుంటే

మంచి ఏర్పాటే. ఇండియా సిమ్ దాని చోట అదే ఉంటుంది, రెండోది ఫోన్‌లోనే కూర్చుంటుంది, పిన్నుతో గుచ్చి తీసే పని లేదు.

నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, ట్రావెల్ ఈ-సిమ్‌లు చాలావరకు డేటాకే, ఫోన్ నంబరు రాదు. రెండు, వేసుకునేటప్పుడు నెట్ కావాలి కాబట్టి ఇంట్లోనే వేసుకోవాలి. క్యూఆర్ కోడ్ అదే ఫోన్‌లో ఉంటే స్కాన్ చేయడానికి తిప్పలు, ఇంకో ఫోన్‌లో గానీ కాగితం మీద గానీ పెట్టుకోండి. మూడు, గడువు వేసుకున్న రోజు నుంచి మొదలవుతుందో, అక్కడ నెట్‌వర్క్ తగిలాక మొదలవుతుందో చదవండి. నాలుగు, పని చేయలేదని కంగారుపడి డిలీట్ చేయొద్దు, చాలా కోడ్‌లు ఒక్కసారికే పని చేస్తాయి.

ఎవరి దగ్గర కొంటున్నామో కూడా చూసుకోవాలి. 2024 జనవరిలో ఈ-సిమ్‌లు అమ్మే ఎయిరాలో, హోలాఫ్లై యాప్‌లను మన దేశంలో యాప్ స్టోర్ల నుంచి తీసేయించారు, ఇక్కడ అమ్మడానికి కావాల్సిన అనుమతి లేదని.

6. దిగాక మొదటి అరగంట

విమానం చక్రాలు నేలకు తగలగానే పక్క సీటాయన ఫోన్ ఆన్ చేస్తాడు. మీరు చేయొద్దు.

ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉండి ఎయిర్‌పోర్ట్ వైఫైకి కలవండి, ఇంటికి వాట్సాప్‌లో "దిగినాం" అని పెట్టండి. తర్వాత ఇండియా సిమ్ డేటా రోమింగ్ ఆఫ్‌లోనే ఉందా అని ఇంకోసారి చూడండి. ఫోన్ అప్‌డేట్ అయినప్పుడు కొన్ని సెట్టింగులు మారిపోతుంటాయి. అప్పుడు అక్కడి సిమ్ వేసి, డేటాకు ఆ సిమ్‌నే ఎంచుకుని, ఏరోప్లేన్ మోడ్ తీయండి.

రోమింగ్ ప్యాక్ వాళ్లయితే డేటా రోమింగ్ ఇప్పుడు ఆన్ చేయండి. నెట్‌వర్క్ ఆటోమేటిక్ తీసేసి, కంపెనీ చెప్పిన నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోండి. ప్యాక్ మొదలైనట్టు మెసేజ్ వచ్చేదాకా ఏదీ తెరవకండి, ఐదు నిమిషాలు ఆగితే పోయేదేం లేదు.

కొత్త సిమ్ వేశాక నంబరు మార్చుకుంటారా అని వాట్సాప్ అడిగితే వద్దనండి. పాత నంబరుతోనే వాట్సాప్ నడుస్తుంది.

7. దేశాన్ని బట్టి కొన్ని తేడాలు

కువైట్‌లో జైన్, ఊరెడూ, ఎస్‌టీసీ అని మూడు కంపెనీలు, కోడ్ +965. ఉద్యోగానికి పోయినవాళ్లు సివిల్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) వచ్చేదాకా తెలిసినవాళ్ల పేరు మీద సిమ్ వాడతారు. తర్వాత మర్చిపోకుండా మీ పేరు మీద సిమ్ తీసుకోండి. ఆ అన్న ఇంటికి వచ్చేసి లైన్ కట్ చేయించుకుంటే మీ నంబరు పోతుంది, ఆ సిమ్‌తో ఏదైనా గొడవ జరిగితే ఆయన మెడకు చుట్టుకుంటుంది.

దుబాయ్, అబుదాబి వైపు వాట్సాప్‌లో మెసేజ్‌లు పోతాయి గానీ కాల్స్ పోవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు వాడతారు. ఆ యాప్ ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కూడా ఉండాలి, పోయే ముందే వేసి, ఒకసారి మాట్లాడి చూడండి. వీపీఎన్ (మనం ఏ దేశంలో ఉన్నామో దాచే యాప్) వేస్తే వాట్సాప్ కాల్ పోతుందని ఎవరో ఒకరు చెప్తారు. వీపీఎన్‌ను నేరానికి వాడితే అక్కడి చట్టంలో జరిమానా 5 లక్షల దిర్హాముల నుంచి మొదలవుతుంది, మన డబ్బుల్లో కోటి దాటుతుంది. ఆ సలహా ఇచ్చినాయన కట్టడు.

సౌదీలో సిమ్‌కు వేలిముద్ర అడుగుతారు. ఉమ్రాకు, హజ్‌కు పోయే పెద్దవాళ్లు గ్రూపులో ఎవరో ఒకరికి పాస్‌పోర్టులన్నీ ఇచ్చి పంపితే కుదరదు, ఎవరి సిమ్‌కు వాళ్లే కౌంటర్ దగ్గరికి పోవాలి.

యూరప్‌లో ఒక సౌకర్యం ఉంది. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఒక దేశం సిమ్ ఇంకో దేశంలో అదే ధరకు నడుస్తుంది, ఫ్రాన్స్‌లో కొని జర్మనీలో వాడుకోవచ్చు. స్విట్జర్లాండ్, బ్రిటన్ ఆ లెక్కలో లేవు, కొనేముందు ఆ రెండూ కలిసి ఉన్నాయా అని అడగండి.

సరిహద్దు ఊళ్లలో ఫోన్ పక్క దేశం టవర్‌ను పట్టుకుంటుంది. సింగపూర్ వైపు నుంచి చూస్తే మలేషియా ఊరు జొహోర్ బహ్రు వంతెన అవతలే ఉంది. ఆ పూటకు నెట్‌వర్క్‌ను చేత్తో ఎంచుకోండి.

అమెరికాలో 2022లో పెద్ద కంపెనీలు 3జీ ఆపేశాయి. ఆస్ట్రేలియా, సింగపూర్ కూడా 2024లో ఆపేశాయి. కాబట్టి 4జీ మీదే మాట పోయే ఫోన్ కావాలి. నాయన చేతిలో ఉన్న పాత కీప్యాడ్ ఫోన్ కడపలో బంగారంలా పని చేస్తుంది, అక్కడ సిగ్నలే దొరకదు. పిల్లల దగ్గరికి పోయే పెద్దవాళ్లకు కనీసం నెల ముందే స్మార్ట్‌ఫోన్ చేతికిచ్చి అలవాటు చేయండి.

8. ఓటీపీలు, ఇండియా నంబరు

బ్యాంకు, ఆధార్ అన్నీ ఆ నంబరు మీదే ఉన్నాయి. నంబరు పోతే కొన్నాళ్లకు వేరేవాళ్లకు ఇచ్చేస్తారు, ఆ తర్వాత మీ ఓటీపీలు వాళ్లకు పోతాయి.

ట్రాయ్ (ఫోన్ కంపెనీలకు రూల్స్ పెట్టే సంస్థ) రూల్ ప్రకారం 90 రోజులు ఏ వాడకమూ లేకపోతేనే ప్రీపెయిడ్ నంబరు ఆపేయొచ్చు. ఇది విని చాలామంది రీఛార్జ్ వదిలేస్తారు. నంబరు ఉన్నా, ప్లాన్ గడువు ముగిశాక మెసేజ్‌లు రావడం ఆగిపోవచ్చు, నంబరు ఉండి ఓటీపీ రాకపోతే దేనికి? 2024 డిసెంబరులో ట్రాయ్ తెచ్చిన సవరణతో డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు ఇవ్వాలన్నారు, వాటి గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. ఉద్యోగానికి పోయేవాళ్లకు సరిగ్గా సరిపోయేది ఇదే, ఇంట్లో తమ్ముడెవరైనా యూపీఐతో వేసేయొచ్చు.

పోయే ముందు ఇవి కూడా చూసుకోండి:

☐ ఇండియా సిమ్‌లో ఇంటర్నేషనల్ రోమింగ్ సేవ ఆన్ చేయించడం, ఇది లేకపోతే ఎస్సెమ్మెస్ కూడా రాదు
☐ బ్యాంకు ఖాతాకు మెయిల్ ఐడీ కలపడం
☐ గూగుల్ ఖాతాకు బ్యాకప్ కోడ్‌లు (ఓటీపీ రాకపోయినా లోపలికి పోవడానికి) తీసి కాగితం మీద రాసుకోవడం
☐ యూపీఐ యాప్‌ను అక్కడ ఉండగా డిలీట్ చేయకపోవడం, ఫోన్ మార్చకపోవడం

మొదటిదాన్ని డేటా రోమింగ్‌తో కలిపి గందరగోళపడొద్దు. ఇంటర్నేషనల్ రోమింగ్ అనేది కంపెనీ తెరిచే గేటు, డేటా రోమింగ్ మీ ఫోన్‌లో ఉండే స్విచ్. గేటు తెరిచి ఉండాలి, స్విచ్ ఆఫ్‌లో ఉండాలి. అప్పుడు ఓటీపీ వస్తుంది, బిల్లు రాదు.

సిమ్‌ను ఇంట్లోవాళ్లకు ఇచ్చేసి ఓటీపీలు చదివి చెప్పించుకునేవాళ్లున్నారు. మా చిన్నాయన రెండేళ్లు అట్లాగే నడిపాడు. చిన్నమ్మ పొలం దగ్గర ఉన్నప్పుడు ఓటీపీ టైమ్ అయిపోవడం, మళ్లీ పంపించుకోవడం, ఇద్దరూ ఫోన్‌లో అరుచుకోవడం, అదంతా ఒక కథ. సిమ్ మీ దగ్గరే ఉంచుకోండి.

9. బిల్లు వచ్చేసింది, ఏం చేయాలి

అక్కడ ఉండగానే తేడా కనబడితే వెంటనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై మీద కంపెనీ యాప్‌లో వాడకం చూసి స్క్రీన్‌షాట్ తీయండి. చాలాసార్లు ప్యాక్ వేసుకుని వేరే నెట్‌వర్క్ మీద ఉండటమే కారణం.

ఇంటికొచ్చాక పోస్ట్‌పెయిడ్ అయితే వివరాల బిల్లు అడగండి, ఏ రోజు ఏ గంటకు ఏ దేశంలో ఎన్ని ఎంబీలో దాంట్లో ఉంటుంది. కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) రాసుకోండి. నోటిమాటగా "చూస్తాం సార్" అంటే ఒప్పుకోకండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అదే కంపెనీ అప్పీల్ అథారిటీకి పెట్టుకోవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. టెలికాం గొడవల మీద వినియోగదారుల కమిషన్‌కు కూడా పోవచ్చని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

డేటా నిజంగా మీ ఫోనే వాడి ఉంటే మొత్తం రద్దు చేస్తారని ఆశ పెట్టుకోవద్దు. అయినా అడగండి, కొంత తగ్గించిన సందర్భాలు నేను చూశాను.

10. తిరిగి వచ్చిన రోజు

విదేశీ సిమ్ తీసి కవర్‌లో వేసి, నంబరు రాసి పెట్టండి. మొబైల్ డేటాను ఇండియా సిమ్‌కు మార్చండి, లేకపోతే చెన్నైలో దిగి నెట్ రావడం లేదని గంటసేపు ఫోన్‌తో కొట్లాడతారు. నెట్‌వర్క్‌ను మళ్లీ ఆటోమేటిక్‌కు పెట్టండి. డేటా రోమింగ్‌ను మాత్రం ఆఫ్‌లోనే వదిలేయండి, వాట్సాప్ ఆటో డౌన్‌లోడ్‌ను కూడా.